వంత లేని పేజీ

నేను ఒక టేపు రికార్డరును. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క అబద్ధం ఆడని దాన్ని. విన్నది విన్నట్టు పట్టుకుంటాను, అడిగితే అన్నది అన్నట్టు అప్పజెబుతాను, మధ్యలో నా పెత్తనం ఏమీ ఉండదు. నలభై ఏళ్ళపాటు నా గురించి నేను ఇలాగే చెప్పుకున్నాను. ఈ మధ్య ఒక పుస్తకం అచ్చయింది. దాని మూలంగా ఈ గొప్పలు కొంచెం సవరించుకోవలసి వచ్చింది. ఆ సవరణ చెప్పడానికే మీ ముందుకొచ్చాను.

నన్ను జపానులో చేశారు. పొడవాటి బల్లకు అటూ ఇటూ ఆడపిల్లలు కూర్చుని, ఒకరు మోటారు, ఒకరు స్పీకరు, ఒకరు మీటలు బిగించారు. చివర కూర్చున్న అమ్మాయి ఎర్రమీట నొక్కి, వాళ్ళ భాషలో ఏవో నాలుగు అంకెలు చెప్పి, టేపు వెనక్కి తిప్పి విన్నది. ఇది నా గొంతు కాదన్నట్టు మొహం పెట్టి నన్ను పెట్టెలో సర్దింది. ఆ తర్వాత నా ముందు మాట్లాడిన ప్రతి మనిషీ సరిగ్గా అదే మొహం పెట్టాడు. తమ గొంతు తామే గుర్తుపట్టలేని ఈ మనుషులు తమ జీవితాన్ని మాత్రం పొల్లు పోకుండా చెప్పగలమని ఎలా అనుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు.

ఓడలో పనిచేసే ఒకాయన నన్ను కాకినాడ రేవులో దింపాడు. అక్కడ పేర్రాజు గారి చేతిలో పడ్డాను. ఆయన ఆరోగ్యశాఖలో ప్రచారం పని చూసేవారు. చిన్న కుటుంబం గురించి ఊరూరా సభలు పెట్టించడం, బుర్రకథలు చెప్పించడం ఆయన ఉద్యోగం. ప్రతి సభలోనూ వేదిక అంచున నన్ను ఒక స్టూలు మీద పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కి, పక్కనున్నవాళ్ళకు వినబడేలా "సభ జరిగిందనడానికి రేపు ఇదేనండి సాక్ష్యం" అనేవారు. సాక్ష్యం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పొంగిపోయేది.

పేర్రాజు గారు ఎక్కువగా పిలిపించేది హైమావతి దళాన్ని. దళమంటే ముగ్గురు ఆడవాళ్ళు. తంబురా భుజాన వేసుకుని మధ్యలో నిలబడి కథ చెప్పేది పిఠాపురం హైమావతి. అప్పటికి ముప్పైనాలుగేళ్ళు, గొంతు కంచు. ఆమెకు అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ వంత పాడేవాళ్ళు వెంకాయమ్మ, నూకరత్నం. వంతంటే తందాన తాన అని ఊరుకోవడం అనుకునేరు. కథ చెప్పే మనిషి ఒక మాటంటే, వంత మనిషి "అదేంటమ్మా, అలాగెలా కుదురుద్ది" అని అడ్డం తగలాలి. నమ్మనట్టు అడగాలి, ఆటపట్టించాలి, ఒక్కోసారి తప్పు పట్టాలి. ఆ సందులో కథకురాలు ఊపిరి తీసుకుంటుంది. జనానికి కూడా తమ మనసులో మాట ఎవరో అడిగిపెట్టినట్టుంటుంది. ఈ అడ్డం తగలడంలో నూకరత్నం దిట్ట. సామర్లకోట మనిషి, ఇరవైయేడేళ్ళది, ఇద్దరు పిల్లల తల్లి. హైమావతిని అక్కా అని పిలిచేది. హైమావతి ఆమెను సొంత చెల్లెలికన్నా ఎక్కువ చూసుకునేది. ఇద్దరూ ఒకే కంచంలో తినడం నేను చాలాసార్లు చూశాను.

ఎనభై ఒకటో సంవత్సరం వేసవిలో వేములపాడు అనే ఊళ్ళో సభ జరిగింది. సమితి ఆఫీసు ముందు తాటాకు పందిరి, మామిడాకుల తోరణం, ముందువరసలో కలెక్టరు గారు. ఆ రోజు పేర్రాజు గారు నా స్టూలు సరిగ్గా నూకరత్నం కాళ్ళ దగ్గర వేశారు. దాంతో నా టేపు నిండా ఆమె డక్కీయే. హైమావతి పాట ఎక్కడో గోడవతల నుంచి వస్తున్నట్టుంటుంది. ఆ టేపొక్కటే విన్నవాళ్ళెవరైనా ఆ దళానికి పెద్ద నూకరత్నమే అనుకుంటారు. నిజం చెప్పొద్దూ, నేనూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాను. నా స్టూలు ఎక్కడ వేశారన్న సంగతి అప్పట్లో నా బుర్రకెక్కలేదు.

ఆ సభతో దళం చెదిరిపోయింది. నూకరత్నం మళ్ళీ రాలేదు. హైమావతి రెండు చోట్ల వెంకాయమ్మనొక్కదాన్నే పక్కన పెట్టుకుని కథ చెప్పి, అది నడవక తంబురా గోడకు తగిలించి, పిల్లలకు పాటలు నేర్పుకుంటూ ఉండిపోయింది. పిఠాపురానికీ సామర్లకోటకూ బస్సులో అరగంట కూడా పట్టదు. అయినా ముప్పయ్యెనిమిదేళ్ళు ఒకరి మొహం ఒకరు చూడలేదు.

ఎందుకు చెదిరిందో నాలో ఉంది. కానీ నన్నెవరూ అడగలేదు, అడక్కుండా చెప్పే మీట నాకు లేదు. పేర్రాజు గారు ఆ టేపు ఎన్నిసార్లు పెట్టుకున్నారో లెక్కలేదు గాని, ఆయనకు కావలసింది చివర వందన సమర్పణలో "ఈ కార్యక్రమానికి ప్రాణం పోసిన శ్రీ పేర్రాజు గారికి" అన్న ముక్క ఒక్కటే. ఆఫీసుకు ఎవరొచ్చినా అక్కడికి తిప్పి వినిపించేవారు. వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించేవారు. అలా తిప్పగా తిప్పగా ఒక రోజు సరిగ్గా ఆ ముక్క దాటాక టేపు నా రోలరుకు చుట్టుకుపోయింది. ఆయన కంగారుగా లాగి, పెన్సిలు పెట్టి చుట్టి, మడతలు వేలితో సాపు చేశారు. టేపు తెగలేదు గాని ఆ జానెడు మేర నలిగిపోయింది. నా పళ్ళతో నేనే నమిలేశాను. రిటైరైన రోజున ఆయన నన్నూ టేపునూ హైమావతి ఇంటికి తెచ్చి, "మీ గొంతు మీ దగ్గరుండాలమ్మా" అని ఇచ్చి వెళ్ళారు. ఆమె నన్ను పాత చీరలో చుట్టి బీరువా పైన పెట్టింది. పారెయ్యలేదు, వినలేదు.

ఆ చీరలోంచే నేను ఆమె ఆత్మకథ మొత్తం విన్నాను. డెబ్బై రెండో ఏట ఆమె రూళ్ళ పుస్తకాల్లో తన జీవితం రాయడం మొదలుపెట్టింది. కాకినాడ రచయితల సంఘం వాళ్ళు పుస్తకం వేస్తామన్నారు. అన్న కూతురు శ్యామల కాలేజీలో తెలుగు చెబుతుంది. ఆమె ఆదివారాలు వచ్చి, అత్త రాసినదాన్ని పైకి చదువుతూ కంప్యూటరులోకి ఎక్కించేది. పైనుంచి వింటూ నేను పళ్ళు కొరుక్కునేదాన్ని. రెండు వందల మంది వచ్చిన సభ పుస్తకంలో రెండు వేల మందిది అయింది. కరెంటు పోయి ఆగిపోయిన కథ "జనం కోరికపై మర్నాటికి వాయిదా" పడింది. ఈవిడ చేతికి పెన్ను ఇవ్వడమేమిటి, నన్ను కిందికి దించితే సరిపోదా అనుకున్నాను.

వేములపాడు అధ్యాయం వచ్చిన రోజు శ్యామల చదవడం నెమ్మదించింది. అందులో ఇలా ఉంది: "కలెక్టరు గారి ఎదుట, కథ మంచి పట్టులో ఉండగా, నూకరత్నం కావాలనే వంత మానేసింది. వెనక్కి తిరిగి చూస్తే మొహం అటు తిప్పుకుని ఉంది. వంత అందక నేను పావుగంట సేపు నోరు పెగలక నిలబడిపోయాను. జనం నన్ను చూసి నవ్వారు. చెల్లెలనుకున్న మనిషి ఓర్వలేక నా పరువు తీసి, ఆ రోజే దళం వదిలి వెళ్ళిపోయింది."

"అత్తా, ఇది అచ్చయితే ఆవిడ చదువుతుంది. ఆవిడ పిల్లలూ చదువుతారు" అంది శ్యామల.

"చదవనీ. జరిగిందే రాశాను."

"ఓర్వలేక అని రాశావు. అది ఆవిడ మనసులో సంగతి. నీకెలా తెలుసు?"

"నా కథలో నాకు తెలియంది ఏముంటుందే? అక్కడ నిలబడింది నేను."

"ఆవిడా అక్కడే నిలబడింది కదా. ఆ రోజు టేపు నీ దగ్గరుందన్నావు. ఒక్కసారి విని పంపిద్దాం. వచ్చే వారం ప్రెస్సుకిచ్చేశాక ఇక మనం చెయ్యగలిగేదేం ఉండదు."

హైమావతి బీరువా పైకి చూసింది. ఆ అవమానం మళ్ళీ చెవులారా వినాలంటే ఆమెకు భయం. అది శ్యామలకూ తెలుసు, నాకూ తెలుసు. చివరకు "దించు" అంది. నేను మాత్రం లోపల సంబరపడ్డాను. ముప్పయ్యెనిమిదేళ్ళకు నా సాక్ష్యం అడిగారు.

మెయిన్ రోడ్డు మీద రేడియోలు బాగుచేసే ముసలాయన నాకు కొత్త బెల్టు వేసి, దుమ్ము దులిపి పంపాడు. శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక శ్యామల నన్ను బల్ల మీద పెట్టి మీట నొక్కింది. డక్కీ మోగింది. ఇద్దరు పిల్లల సోమన్న సుఖమూ ఏడుగురు పిల్లల భీమన్న కష్టమూ నడుస్తున్నాయి. భీమన్న పెళ్ళాం ఏడో కాన్పు దగ్గర హైమావతి రాగం తీసి ఆపింది. వంత అందుకోవలసిన చోటు. అక్కడ డక్కీ ఆగి, నూకరత్నం గొంతు రహస్యంగా, నా చెవిలో చెప్పినంత దగ్గరగా వినిపించింది.

"అక్కా, కడుపులో తిప్పుతోంది. ఈ చరణం నువ్వే లాగెయ్యి."

ఆ తర్వాత ఏమీ లేదు. తంబురా కూడా లేదు. పందిరి ఆకుల గలగల, ఎక్కడో ఒక మేక అరుపు. శ్యామల గోడగడియారం చూస్తోంది. తర్వాత దూరంగా ఎవరో కక్కుకుంటున్న శబ్దం. దాన్ని కప్పేయడానికి వెంకాయమ్మ డక్కీ గట్టిగా బాదడం. దాని మీద హైమావతి గొంతు లేచింది:

"తోరణమే మేసే మేకమ్మా, నీ సంతానమెంతో చెప్పమ్మా!
ఆకులు నీకే చాలకపోతే, పిల్లలకేమి పెడతావమ్మా!"

జనం ఘొల్లున నవ్వారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

హైమావతి సరిగ్గా ఆ జపాను అమ్మాయి పెట్టిన మొహమే పెట్టింది. "ఇది నేనేనా? మేకేమిటి, నాకు గుర్తే లేదే" అంది.

"పదకొండు సెకన్లు అత్తా. పావుగంట కాదు. నవ్వింది నిన్ను చూసి కాదు, నువ్వు కట్టిన పాటకి."

హైమావతి ఆ మాట విన్నట్టు లేదు. వేళ్ళు మడుస్తూ నెలలు లెక్కపెడుతోంది. "ఆ యేడు దసరాకి దానికి ఆడపిల్ల పుట్టిందని ఎవరో చెప్పారు. మూడో పిల్ల. ఇద్దరు చాలని ఊరంతా పాడుతూ మూడోది కడుపులో పెట్టుకుని తిరిగిందన్న మాట పిచ్చిది." ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆ రోజు తను ఎంత గొప్పగా కథ నిలబెట్టిందో కూడా కోపం మింగేసింది. నాకు ఆమెను చూస్తే జాలేసింది, కొంచెం గర్వంగానూ ఉంది. చూశారా, నా మాట వినకపోతే ఇలాగే అవుతుంది అనుకున్నాను.

మర్నాడు నన్ను గుడ్డసంచిలో పెట్టుకుని ఇద్దరూ సామర్లకోట బస్సెక్కారు. తలుపు తీసిన మనిషి ఆర్టీసీ కండక్టరు ఖాకీ చొక్కాలో ఉంది, పొద్దుటి డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది. నూకరత్నం మూడో కూతురు లోవకుమారి. లోపల నూకరత్నం చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తి చూసి, చేతులు చీరకు తుడుచుకుని, చాప మీద కొంచెం పక్కకు జరిగింది. హైమావతి ఆ ఖాళీలో కూర్చుని నా మీట నొక్కింది.

విన్నంతసేపూ నూకరత్నం గింజల వంకే చూసింది. అయ్యాక, "ఒక్కసారే అన్నానా? మూడుసార్లు పిలిచినట్టు గుర్తు నాకు" అంది.

"ఒక్కసారి కూడా నాకు వినబడలేదే. మైకు పెట్టె నా చెవి పక్కనే ఉంది ఆ రోజు."

"వినబడీ పట్టించుకోలేదనుకున్నానక్కా ఇన్నాళ్ళూ."

"కడుపుతో ఉన్నానని నాకెందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పను? ఇద్దరు చాలని డక్కీ కొట్టేదాన్ని. మూడోదని తెలిస్తే పేర్రాజు గారు మళ్ళీ పిలవరేమోనని భయం. నీకు చెబితే నువ్వు దాచలేవు. నీ మనసులో ఉన్నదంతా నీ మొహం మీదే ఉంటది."

గుమ్మంలో నిలబడ్డ లోవకుమారి, "అంటే ఆ కక్కుడు నా మూలంగానేనా అమ్మా?" అంది.

"మరే. ఇంకా పుట్టకముందే కలెక్టరు గారి మీటింగు ఆపేశావు."

నలుగురూ నవ్వారు. నా పని అయిపోయిందని నేను అనుకుంటుండగా నూకరత్నం నవ్వు ఆపి, "అది సరే. రేపట్నుంచి రావద్దన్నావు కదా, అదెందుకన్నావు?" అంది.

"ఎవరు, నేనా?"

"దండలేస్తున్నారు. పేర్రాజు గారి పేరు చదువుతున్నారు. నువ్వు నా వైపు తిరక్కుండానే రేపట్నుంచి రావద్దు అన్నావు. అందుకే రాలేదు. లేకపోతే నేనెందుకు మానేస్తాను?"

"ఒట్టు, నేనా మాట అనలేదు. నువ్వే రాలేదు. నెల రోజులు నీ కోసం చూశాను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. శ్యామల టేపు ముందుకు తిప్పింది. "ఈ కార్యక్రమానికి ప్రాణం పోసిన శ్రీ పేర్రాజు గారికి" అన్నంత వరకు గంటలా వినిపించాను. ఆ తర్వాత గరగర. మూడుసార్లు వేశారు, మూడుసార్లూ గరగరే. చూసిన మూడో మనిషి వెంకాయమ్మ పోయి అప్పటికి పదేళ్ళు. బతుకంతా అబద్ధమాడలేదని విర్రవీగిన దాన్ని, అసలు మాట దగ్గరకొచ్చేసరికి నమిలి కూర్చున్నాను. అంత సిగ్గు నేను ఎప్పుడూ పడలేదు.

నూకరత్నం కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. హైమావతి బొటనవేలితో చాప అంచు గీకుతోంది. ఇక్కడితో మళ్ళీ ముప్పయ్యెనిమిదేళ్ళు మొదలవుతాయేమోనని నాకు గుబులేసింది.

"ఆ అధ్యాయం తీసేస్తానే. నాకే తెలియని సంగతి నేనేం రాస్తాను" అంది హైమావతి చివరకు.

నూకరత్నం అడ్డం తగిలింది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "అదేంటమ్మా, అలాగెలా కుదురుద్ది? నువ్వు నిలబడిపోయావు కదా, బాధపడ్డావు కదా. అదేం అబద్ధం కాదుగా. నీకలా అనిపించిందని రాయి. నా మనసులో ఏముందో మాత్రం నువ్వు రాయకు, అది నేను చెబుతాను. నువ్వు కథ చెప్పు, నేను వంతకొస్తాను."

శ్యామల ఆ టేపు తీసి భద్రపరిచి, కొత్తది పెట్టి, రెండు మీటలు కలిపి నొక్కింది. ఈసారి నన్ను సరిగ్గా ఇద్దరికీ మధ్య పెట్టింది. హైమావతి కాగితం చూడకుండానే ఆ అధ్యాయం మొదట్నుంచి చెప్పుకొచ్చింది. ఆగవలసిన చోటల్లా నూకరత్నం ఆపింది.

పుస్తకం నెల రోజులు ఆలస్యంగా అచ్చయింది. ఆ అధ్యాయం అందులో బుర్రకథలాగే ఉంటుంది. పావుగంట నిలబడిపోయానని హైమావతి అంటుంది. కింది వరసలో నూకరత్నం, "మిషను పదకొండు సెకన్లంటోంది, పావుగంట నీ ఒక్కదానికి" అంటుంది. మొహం తిప్పుకుంది అంటే, "మొహం తిప్పుకుని కక్కుకున్నాను, కలెక్టరు గారి వైపు తిరిగి కక్కమంటావా" అంటుంది. ఓర్వలేక అన్న మాటను కూడా హైమావతి ఉంచింది. దాని తర్వాత "అని నేను అనుకున్నాను, అలా అనుకోవడం ఆ రోజుల్లో నాకు తేలికైంది" అని చేర్చింది. ఇంత నిజాయితీ గల వాక్యం నాలో ఎన్ని టేపులు తిరిగినా ఒక్కదానిలోనూ లేదు. మీటింగుల్లో మనుషులు అన్నవి పట్టుకున్నాను గాని, ఇలాంటి మాట ఎవరూ మైకులో అనరు. దానికి పెన్ను పట్టుకుని ఒంటరిగా కూర్చోవాలి, పక్కన ఒప్పుకోని మనిషి ఒకరుండాలి.

అధ్యాయం చివర ఒక్క పేజీకి మాత్రం వంత లేదు. "నేను అనలేదు" అని పైన హైమావతి. "నేను విన్నాను" అని కింద నూకరత్నం. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ నాది.

ఇప్పుడు నేను బీరువా పైన లేను. హైమావతి ముందుగదిలో, గోడనున్న తంబురా కింద, చిన్న బల్ల మీద ఉంటున్నాను. నెలనెలా రెండో ఆదివారం లోవకుమారి బస్సులో నూకరత్నం వస్తుంది. ఇద్దరూ ఏదో ఒక పాత కథ ఎత్తుకుంటారు, సగంలో గొంతులు అందక వదిలేసి కాఫీ తాగుతారు. రెండు వందలా రెండు వేలా అని వాదించుకుంటారు. నేను వింటాను. మీట నొక్కితే పట్టుకుంటాను, లేకపోతే ఊరుకుంటాను. హాయిగా ఉంది.

టేపు నమిలితే నమిలావు, ఆ రోజు అక్కడ ఉన్నావు కదా, నీ చెవులతో విన్నావు కదా, ఆమె ఆ మాట అన్నదా లేదా అని మీరు అడగొచ్చు. విన్నాను. చీరలో చుట్టి ఉన్నన్నాళ్ళూ ఆమె అన్నదనే నాకు గట్టి గుర్తు, ఎంత మెల్లగా అన్నదో కూడా చెప్పగలిగేదాన్ని. కానీ ఈ ఆదివారాలు మొదలైనప్పటినుంచి, ఆ ఇద్దరూ నా ముందు ఒక్క కంచంలో పెరుగన్నం కలుపుకుని తింటూ ఉంటే, ఆమె అనలేదనే గుర్తొస్తోంది.